పాత అపార్ట్‌మెంట్ పడగొట్టి కొత్తది కట్టుకోవాలంటే: బిల్డర్ గడప తొక్కకముందే చేయాల్సిన పనులు

మా కథ ఒక సిమెంటు పెచ్చుతో మొదలైంది. నాలుగో బ్లాకులో ఒకామె తిరగమాత వేస్తుంటే పైకప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి బాణలి పక్కన పడింది. పైకి చూస్తే తుప్పు పట్టి ఉబ్బిపోయిన కమ్మీలు. ఆ సాయంత్రం అందరం మిద్దె మీద చేరి తలా ఒక మాట అన్నాం, వారం తిరక్కుండానే ఎవరు చెప్పారో ఏమో ఒక బిల్డర్ మనిషి స్వీట్ డబ్బాతో దిగాడు. "ఏం సామీ, ఇంకా ఎన్నాళ్లు ఈ పాత మిద్దెలో ఉంటారు? మీరు ఖాళీ చేయండి చాలు, పైసా ఖర్చు లేకుండా పెద్ద ఫ్లాటు చేతిలో పెడతాం" అన్నాడు. సగం మందికి అప్పుడే కళ్ల ముందు లిఫ్టు కనిపించేసింది.

తిరుపతిలో ముప్పై, ముప్పై అయిదేళ్ల కిందటి అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి, లిఫ్టు లేనివి, పార్కింగ్ లేనివి. వాటి వాళ్లందరికీ ఇవాళో రేపో ఈ స్వీట్ డబ్బా వస్తుంది. ఆరేళ్లుగా అసోసియేషన్ సెక్రటరీగా తిట్లు తింటున్నవాడిగా నేను చెప్పేది ఒక్కటే. బిల్డర్ లెక్క వినేముందు మీ లెక్క మీరు వేసుకుని కూర్చోండి. అది ఎలాగో కింద రాస్తున్నాను.

ముందు మిద్దెకు వైద్యం ఉందో లేదో చూడండి

పెచ్చులు ఊడిన ప్రతి బిల్డింగూ పడగొట్టాల్సిన పని లేదు. స్ట్రక్చరల్ ఇంజనీరును మీరు పిలిపించుకోండి, బిల్డర్ తెచ్చిన మనిషి వద్దు, అతని రిపోర్టులో ఏముంటుందో చదవకుండానే చెప్పొచ్చు. ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ డిపార్ట్‌మెంట్ ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, అక్కడ అడిగి చూడండి, లేదంటే లైసెన్సు ఉన్న ప్రైవేటు కన్సల్టెంట్లు ఉన్నారు. రిబౌండ్ హ్యామర్‌తో కొట్టి చూడటం, అల్ట్రాసోనిక్ పరీక్ష, అనుమానం ఉన్న చోట కోర్ కోసి తీయడం, ఇవి మామూలుగా చేసేవి. మాకు బాగా అర్థమైంది ఇంకో చిన్న పరీక్ష. పిల్లరులో కాస్త కాంక్రీటు అప్పటికప్పుడు పగలగొట్టి ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లారు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది, కార్బొనేషన్ పట్టి సారం పోయినచోట రంగే రాదు. మా రెండో బ్లాకు పిల్లరులో కమ్మీ దాటి లోపలి దాకా రంగు రాలేదు. ఇంజనీరు నోరు విప్పకముందే అందరికీ విషయం తెలిసిపోయింది.

రిపేరుతో ఇంకో పదిహేనేళ్లు లాగొచ్చని రిపోర్టు వస్తే ఆ ఖర్చెంతో కూడా రాయించుకోండి. తర్వాత లెక్కలో అది పనికొస్తుంది.

కాగితాలు

అసోసియేషన్ రిజిస్టర్ కాకపోతే మొదట ఆ పని. 2001 సొసైటీల చట్టం కింద చేయించుకుంటే చాలు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా దాని పేరు మీదే ఉండాలి. ఎవరి సొంత ఖాతాలోనూ ఒక్క రూపాయి పడకూడదు, ఇక్కడే సగం గొడవలు మొదలవుతాయి.

తర్వాత ప్రతి ఫ్లాటు దస్తావేజూ ఒక చోట పెట్టి చదవండి. మీకు స్థలంలో ఉన్న విభజించని వాటా ఎంతో అందులో ఉంటుంది, అందరూ యూడీఎస్ అంటారు. మన దగ్గర దాన్ని అంకణాల్లో చెప్పుకుంటాం, అంకణం అంటే 36 చదరపు అడుగులు. ఇక్కడ ఒక మాట, నెల్లూరులో అంకణం 72 అడుగులు, కాబట్టి ఆ వైపు నుంచి వచ్చిన బిల్డర్‌తో మాట్లాడేటప్పుడు అంకణాలు పక్కనపెట్టి చదరపు గజాల్లో మాట్లాడండి. మా దాంట్లో అందరి వాటాలూ కూడితే మొత్తం స్థలం కంటే తొమ్మిది అంకణాలు ఎక్కువ తేలాయి! అప్పటి బిల్డర్ చివరి నాలుగు ఫ్లాట్లు అమ్మేటప్పుడు లెక్క మరిచిపోయినట్టున్నాడు. దాన్ని సరిచేసే దస్తావేజులకే మాకు అయిదు నెలలు పట్టింది.

ముప్పై ఏళ్ల ఈసీ తీయండి, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం. సర్వే నంబరు 22ఏ నిషేధ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో) ఉందేమో తప్పకుండా చూడండి, తిరుపతిలో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. హథీరాంజీ మఠం భూములు, దేవాదాయ భూములు, వాగు పోరంబోకులు ఊరంతా పరుచుకుని ఉన్నాయి. మీరు ముప్పై ఏళ్లుగా ఇంటి పన్ను కడుతున్నా సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే బిల్డర్‌తో రాసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టర్ కాదు. ఇది మొదట తేలకుండా ఇంకే పనికీ డబ్బు పెట్టకండి.

ఫ్లాటు మీద బ్యాంకు లోను ఉంటే ఆ బ్యాంకు ఎన్‌వోసీ కావాలి. యజమాని పోయి ఉంటే వారసులందరి పేర్లూ రాసుకోండి, అమెరికాలో ఉన్నవాళ్ల పవర్ ఆఫ్ అటార్నీకి నెలలు పడుతుంది, కాబట్టి అది ఈరోజే మొదలుపెట్టమని చెప్పండి.

సంతకాలు ఎందరివి కావాలి?

అందరివీ. ముంబైలో 51 శాతం సభ్యులు ఒప్పుకుంటే ముందుకు పోవచ్చు, పక్కనే తమిళనాడులో 2022 చట్టంతో మూడింట రెండు వంతులు చాలన్నారు. చెన్నైలో ఉన్న బావమరిదో తోడల్లుడో ఆ మాట చెబితే ఇక్కడ పట్టుకుని కూర్చోకండి. మన దస్తావేజుల్లో స్థలం వాటా ఎవరి పేరు మీద వాళ్లకు ఉంది, ఆ వాటా బిల్డర్ చేతికి పోవాలంటే ఆ మనిషి సంతకం చేయాల్సిందే.

అందుకని ఒప్పుకోనివాళ్లను శత్రువుల్లా చూడొద్దు. మాకు ముగ్గురు అడ్డం తిరిగారు. ఒకాయన బేరం కోసం ఆగాడు, అతని సంగతి వదిలేయండి. ఇంకొకరు కింది ఫ్లాటులో ఒంటరిగా ఉండే పెద్దావిడ, "ఈ వయసులో సామాను మూటగట్టుకుని యాడికి పోయేది నాయనా, మళ్లీ ఈ గడప తొక్కుతానో లేదో" అంది. ఆమెకు కావాల్సింది డబ్బు కాదు. రెండు వీధుల అవతల, కింది అంతస్తులో, రోజూ పోయే గుడికి దగ్గరగా బాడుగ ఇల్లు మేమే వెతికిపెట్టాం, సామాను మార్చే పని పిల్లలు చూసుకున్నారు, ఆమె సంతకం పెట్టింది. మూడో మనిషి సందేహం పూర్తిగా న్యాయమైనది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన గురించి కిందే చెప్తాను.

మీటింగులు మిద్దె మీద కాకుండా ఒక హాల్లో పెట్టండి, మినిట్స్ రాయండి, అందరితో సంతకం పెట్టించండి. వాట్సాప్ గ్రూపులో ఏదీ నిర్ణయించకండి. అక్కడ థంబ్ సింబల్ పెట్టినవాడే మర్నాడు "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అంటాడు. ఆడవాళ్లను తప్పకుండా పిలవండి. దస్తావేజు ఎవరి పేరు మీదున్నా, నీళ్లు ఏ టైముకి వస్తాయో, చెమ్మ ఏ గోడకు ఎక్కుతుందో వాళ్లకే తెలుసు.

అసలు లెక్క ఇదీ

అంకెలు నేను ఊహించి వేస్తున్నవి, మీ ఏరియా ధరలు పెట్టుకుని మీరు మళ్లీ వేసుకోండి. స్థలం 500 అంకణాలు, అంటే 18,000 చదరపు అడుగులు, 2,000 గజాలు. దాంట్లో అయిదు బ్లాకులు, 40 ఫ్లాట్లు, ఒక్కొక్కటి 700 అడుగులు. అంటే ఇప్పుడున్నది 28,000 అడుగులు.

కొత్తగా కింద పిల్లర్ల మధ్య స్టిల్ట్ పార్కింగ్, పైన అయిదు అంతస్తులు అనుకుందాం. మన రాష్ట్రంలో ఎంత ఎత్తు కట్టొచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నది స్థలం సైజును బట్టి, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి తేలుతుంది. 2017 బిల్డింగ్ రూల్స్ పెట్టిన పద్ధతి ఇది. పాత రోజుల్లో మూడడుగులు వదిలి కట్టేసినట్టు ఇప్పుడు కుదరదు, ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదిలే ఖాళీ పెరుగుతుంది. అవన్నీ పోగా అంతస్తుకు 8,000, మొత్తం 40,000 అడుగులు వస్తాయనుకుందాం.

పాతవాళ్లకు పాత సైజే ఇస్తే 28,000 పోయి బిల్డర్‌కు మిగిలేది 12,000. స్టిల్ట్, లిఫ్టులు, జనరేటర్ అన్నీ సర్ది అడుగుకు 2,200 వేసుకుంటే కట్టడానికే 8.8 కోట్లు. 40 కుటుంబాలకు నెలకు 9,000 బాడుగ, 30 నెలలకు 1.08 కోట్లు. కూల్చివేత, పర్మిషన్ ఫీజులు, ఆర్కిటెక్టు, వడ్డీ కలిపి ఒక కోటి. మొత్తం 10.88 కోట్లు. అతని 12,000 అడుగులు 5,000 చొప్పున అమ్మితే వచ్చేది 6 కోట్లు. అతను ధర్మసత్రం నడపడం లేదు కదా, ఒకటిన్నర కోటి లాభం వేసుకుంటాడు. తేడా 6.38 కోట్లు, 40 మందికి పంచితే తలకు దాదాపు 16 లక్షలు.

అదే ఏరియాలో అడుగు 6,500 పలికితే? తలకు పదకొండున్నర లక్షలకు దిగుతుంది. కానీ సున్నా కాదు.

ఇప్పుడు మళ్లీ ఆ మాట చదవండి: పైసా ఖర్చు లేకుండా పెద్ద ఫ్లాటు. ముంబైలో అది కుదిరిందంటే అక్కడ అడుగు ధర వేరు, అదనంగా కట్టుకోనిచ్చే విస్తీర్ణం వేరు. మన ఊళ్లో నాలుగంతస్తుల బిల్డింగు ఉన్నచోట అయిదంతస్తులు కడితే ఆ పుణ్యం ఎక్కడి నుంచి రావాలి? ఎవరైనా ఉచితం అంటే మూడింటిలో ఒకటి జరుగుతుంది. కట్టడంలో కోత పెడతాడు, మధ్యలో ఆపేసి వెళ్తాడు, లేదంటే కొలతలో మాయ చేస్తాడు.

మూడోది పట్టుకున్నది మా లెక్కల మాస్టారే. బిల్డర్ అందరికీ 800 అడుగులు అన్నాడు, ఇప్పుడున్నది 700. మాస్టారు ఏమీ మాట్లాడకుండా తన ఫ్లాటు తలుపులు మూసుకుని మనవడితో టేపు పట్టించి గోడ నుంచి గోడకు కొలిచారు, 590 వచ్చింది. తర్వాత బిల్డర్ ఇచ్చిన బొమ్మలో గదుల కొలతలు కూడారు, 555 వచ్చింది. కారిడార్, లిఫ్టు, మెట్లు, మిద్దె మీద ట్యాంకు గది, అన్నీ పంచి వేసి 800 చేశాడన్నమాట. మాస్టారు రెండు కాగితాలూ మీటింగులో బల్ల మీద పెట్టి "వంద అడుగులు పెరిగితే నా మంచం ఎందుకు పట్టడం లేదో చెప్పు బాబూ" అన్నారు. ఆ బిల్డర్ మళ్లీ రాలేదు. కాబట్టి మాట్లాడితే కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే నేల, మాట్లాడండి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో దానికి నిర్వచనం ఉంది, అగ్రిమెంటులో ఆ అంకే ఉండాలి.

ఇంకోటి, స్థలం వాటా తగ్గుతుంది. 500 అంకణాలు 40 మందికైతే తలకు పన్నెండున్నర, కొత్తగా 57 ఫ్లాట్లయితే తొమ్మిది కూడా రాదు. ఇల్లు కొత్తదవుతుంది, నేల మాత్రం కరుగుతుంది. రేపు మీ మనవళ్లు మళ్లీ పడగొట్టాల్సి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఉండేది ఆ నేలే.

ఇంత డబ్బు పెట్టుకోవాల్సిందే అయితే బిల్డర్ లేకుండా మనమే కాంట్రాక్టరును పెట్టి కట్టించుకుంటే పోలా అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే, లాభం డబ్బులు మిగులుతాయి. కానీ 40 మందిలో నలుగురు వాయిదా కట్టకపోతే స్లాబు ఆగిపోతుంది. అందరూ ఉద్యోగస్థులై, ఒకరి మీద ఒకరికి గురి ఉంటే చేయండి. మాకు లేదు.

ప్లానులో నీళ్ల సంగతి

టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు, తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు) వెళ్లి మాస్టర్ ప్లాన్‌లో మీ ముందు రోడ్డు ఎంత చూపించారో చూడండి. ఇప్పుడు ఇరవై అయిదు అడుగులున్నది అక్కడ నలభై ఉంటే స్థలం ముందు భాగం వదలాలి, దానికి బదులు టీడీఆర్ (వేరే చోట వాడుకునే లేదా అమ్ముకునే కట్టడం హక్కు) లేదా చుట్టూ వదిలే ఖాళీలో సడలింపు అడగొచ్చు. ఎత్తు ఎక్కువ కట్టాలనుకుంటే రేణిగుంట ఎయిర్‌పోర్టు ఉందని గుర్తుపెట్టుకోండి, విమానాల కోసం ఎత్తుకు హద్దు ఉండొచ్చు.

2021 నవంబరు వానలు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కొండ మీది నీళ్లు కపిలతీర్థం వైపు నుంచి, మాల్వాడి గుండం నుంచి ఒక్కసారిగా ఊళ్లో పడ్డాయి, మా కింది ఇళ్లలో మంచం కోళ్లు మునిగాయి. ఆ రోజుల్లోనే ఎమ్మార్‌పల్లి వైపు శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి సిమెంటు వరల సంపు భూమిలోంచి పైకి లేచి నిలబడింది, జనం గుంపులుగా పోయి చూశారు. అందులో మహిమ ఏమీ లేదు, చుట్టూ నేల నీళ్లతో నిండిపోయి, లోపల తొట్టి ఖాళీగా ఉంటే పడవలా తేలుతుంది. కాబట్టి పల్లపు ఏరియాల్లో సెల్లార్ జోలికి పోకండి, స్టిల్ట్ చాలు, దాని నేల రోడ్డు కంటే ఎత్తులో ఉండాలి. సంపు డిజైను తేలకుండా బరువు వేసి గీయమని ఇంజనీరును అడగండి. కరెంటు మీటర్లు, జనరేటర్ నడుము ఎత్తుకు పైన. సాయిల్ టెస్టు ఎండాకాలంలో చేయించి ఊరుకుంటే నీటి మట్టం తప్పుగా వస్తుంది, వానల తర్వాత ఇంకోసారి చూడమనండి.

ఇక కొండ. కొత్త ప్లాను బొమ్మ చూపించగానే మా వాళ్లలో తొంభై శాతం అడిగిన మొదటి ప్రశ్న "మా బాల్కనీలోంచి కొండ కనిపిస్తుందా?" రాత్రిపూట ఘాట్ రోడ్డు దీపాలు చూస్తూ అన్నం తినడం అలవాటైన ప్రాణాలు. ఉత్తరం వైపు అందరినీ కూర్చోబెట్టలేం, తూర్పు వాకిలి కావాలనేవాళ్లు వేరే. దీనికి మేం చేసింది ఏమిటంటే, కింది అంతస్తు కావాలన్న పెద్దవాళ్లకు మొదట ఇచ్చేసి, మిగతావాటికి చీటీలు వేసి వినాయకుడి గుడి పూజారిగారి మనవరాలితో తీయించాం. అగ్రిమెంటుకు ముందే ఇది అయిపోవాలి. ఫ్లాటు నంబరు లేకుండా సంతకం పెడితే బిల్డర్ మంచివన్నీ అమ్ముకుని మిగిలినవి మీకు ఇస్తాడు.

అగ్రిమెంటు

మామూలుగా డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికారం) కలిపి ఒకే దస్తావేజుగా రిజిస్టర్ చేస్తారు. మీ లాయరు మీ మనిషై ఉండాలి, బిల్డర్ "మా వకీలే చూసుకుంటాడు" అంటే నమస్కారం పెట్టి లేచి రండి. జీపీఏ అతని వాటా ఫ్లాట్లకే పరిమితం కావాలి, అవి కూడా స్లాబుల లెక్కన విడతలవారీగా అమ్ముకునేలా రాయండి, ఉదాహరణకు రెండో స్లాబు పడ్డాక ఇన్ని, గోడలు లేచాక ఇన్ని అని. స్థలం తాకట్టు పెట్టే హక్కు అతనికి ఇవ్వకూడదు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం విస్తీర్ణం మున్సిపాలిటీ పేరు మీద మార్ట్‌గేజ్ చేయించుకుంటారు, కట్టడంలో కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే వదులుతారు. ఆ 10 శాతం బిల్డర్ వాటాలోంచే పోవాలని స్పష్టంగా రాయండి. మాకు తెలిసిన ఒక కాలనీలో ఇది రాసుకోక పాతవాళ్ల ఫ్లాట్లే ఇరుక్కుపోయాయి.

బాడుగ ఎప్పటిదాకా? "30 నెలలు" అని రాస్తే 31వ నెలలో మీరు రోడ్డు మీదే. "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో తాళాలు ఇచ్చేదాకా" అని ఉండాలి, ఏటా పెంపు ఉండాలి, ఆరు నెలల బాడుగ ముందే అసోసియేషన్ ఖాతాలో డిపాజిట్ ఉండాలి. ఆలస్యానికి జరిమానా, పని ఇన్ని నెలలు ఆగితే అగ్రిమెంటు రద్దు చేసి వేరేవాళ్లకు ఇచ్చే హక్కు, దానికి తోడు బ్యాంకు గ్యారంటీ. గ్యారంటీ అనగానే ముఖం మాడ్చుకునే బిల్డర్‌తో పెట్టుకోకండి, ఇదొక్కటే నాకు తెలిసిన మంచి పరీక్ష.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు మించినా బయటివాళ్లకు అమ్మే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొనేవాళ్లు ఇచ్చిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి ఈ పనికే వాడాలి, తాళాలిచ్చిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే అతనే బాగుచేయాలి. రెరా వెబ్‌సైట్‌లో అతని పాత ప్రాజెక్టులు చూడండి. చూసి ఊరుకోకుండా ఒక ఆదివారం ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో టీ తాగండి. లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుందో, మిద్దె కారుతుందో లేదో వెబ్‌సైట్ చెప్పదు, వాచ్‌మన్ చెప్తాడు.

పన్నుల మాట రెండు ముక్కల్లో. పాతవాళ్లకిచ్చే ఫ్లాట్ల మీద కూడా జీఎస్టీ లెక్క వస్తుంది, మామూలు ఫ్లాటుకు 5 శాతం, మన ఊరు మెట్రో కాదు కాబట్టి 90 చదరపు మీటర్ల కార్పెట్ లోపు, 45 లక్షల లోపు అయితే 1 శాతం. అది ఎవరు కట్టాలో రాయకపోతే చివర్లో మీ నెత్తినే పడుతుంది. రిజిస్టరైన డెవలప్‌మెంట్ అగ్రిమెంటు అయితే వ్యక్తులకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి చేతులు మారితే వచ్చే లాభం మీద పన్ను) కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో లెక్కకు వస్తుంది, కానీ ఆలోపే మీ వాటా అమ్ముకుంటే ఈ వెసులుబాటు పోతుంది. ఆడిటర్‌కు ఒకసారి చూపించండి.

ఖాళీ చేసేటప్పుడు

ప్లాను పర్మిషన్, రెరా నంబరు చేతికి రాకముందు ఒక్క కుటుంబం కూడా కదలకూడదు. "మీరు ఖాళీ చేస్తే పర్మిషన్ తొందరగా వస్తుంది" అన్నది అబద్ధం. బాడుగకు ఉన్నవాళ్లకు మూడు నెలల ముందే చెప్పండి. బ్రహ్మోత్సవాల నెలలో, స్కూళ్లు తెరిచే జూన్‌లో ఇళ్లు దొరకవు, ఆ రెండూ తప్పించి ముహూర్తం పెట్టుకోండి. కరెంటు మీటర్లు సరెండర్ చేసి ఎస్పీడీసీఎల్ రసీదు తీసుకోండి, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబర్లు, కుళాయి కనెక్షన్ నంబర్లు అన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, కొత్తవి తీసుకునేటప్పుడు పాత నంబరు అడుగుతారు.

చివరగా పాత సామాను. కూల్చినప్పుడు వచ్చే ఇనుము, తలుపులు, కిటికీ గ్రిల్స్ ఎవరివో మేం రాసుకోలేదు. అప్పట్లో వాకిళ్లన్నింటికీ మంచి టేకు వాడారు. మొదటి రోజు సాయంత్రానికి కూల్చివేత కాంట్రాక్టరు లారీలో ఒక్కటి తప్ప వాకిళ్లన్నీ వెళ్లిపోయాయి, మా మాస్టారు మాత్రం తెల్లవారుజామునే వడ్రంగిని పిలిపించి తన వాకిలి గడపతో సహా ఊడదీయించుకున్నారు. అది ఇప్పుడు ఆయన బాడుగ ఇంట్లో గోడకు ఆనించి ఉంది, పసుపు బొట్లు అలాగే ఉన్నాయి. కొత్త ఫ్లాటు వాకిలి కొలత దానికి సరిపోయేలా ప్లానులో మార్పించారు కూడా.